అయస్కాంతానికి చిక్కిన డేగ

"ఈ పనిలో నీకు సొంత కక్ష ఏమైనా ఉందా?"

సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఎదుటివాడి మొహం చూడడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఆపరేషన్‌కు బయల్దేరే ప్రతి ఏజెంటూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. ఉందన్నవాడు ఆ పూటకు ఇంటికి పోయి పడుకోవచ్చు.

"లేదు సార్," అన్నాడు డేగ.

పచ్చి అబద్ధం. నిజం చెప్పినంత తేలిగ్గా వచ్చేసింది.

"మంచిది. మధ్యాహ్నం సభాభవనంలో సంధి మీద సంతకాలు. పొరుగు దేశం రాయబారి వస్తోంది. ఆవిడకి మన గడ్డ మీద చీమ కుట్టినా రేపటికి యుద్ధం. ఆ యుద్ధం కోసమే ఆయుధాల ముఠా ఒకటి నోరు తెరుచుకుని కూర్చుంది. ఆవిడ కుర్చీ వెనక నిలబడు. కదలకు."

"డెంటిస్ట్ సంగతి?"

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "వాడి సంగతి వేరేవాళ్ళు చూస్తారు. నువ్వు కుర్చీ వెనక. అంతే."

ఇక్కడ డేగ గురించి కొంచెం చెప్పుకోవాలి. జనం దృష్టిలో డేగ ఒక సూపర్ హీరో. గోడలెక్కుతాడు, తూటాలకు చావడు, పిల్లలు అట్టముక్కలు కత్తిరించి ఆ ముసుగు కట్టుకుని మేడల మీద గెంతుతుంటారు. డిపార్ట్‌మెంట్ దృష్టిలో మాత్రం డేగ మనిషి కాదు, ముసుగు. అది ఎవరి మొహానికి సరిపోతే వాడే డేగ. లోపల మనిషి పోయినా బయట డేగ పోడు. అది అక్కడి పద్ధతి.

రెండేళ్ళ కిందట ఆ ముసుగులో ఉన్నది ఇప్పటి డేగ తమ్ముడు. ముఠా మనిషి ఒకడు దంతవైద్యుడి వేషంలో ఊళ్ళో క్లినిక్ నడుపుతున్నాడని పసిగట్టి, పేషెంటులా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. చిగురుకు మత్తు ఇస్తానని డెంటిస్ట్ ఇచ్చిన ఇంజెక్షన్ మత్తు కాదు. తరవాత శవాన్ని వెయిటింగ్ రూమ్‌లో సోఫా మీద కూర్చోబెట్టి, ఒళ్ళో సినిమా పత్రిక పెట్టి వెళ్ళారు. పక్కనే కూర్చున్న పేషెంట్లు చాలాసేపు అతను తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడనే అనుకున్నారు. అన్న అప్పటికి ఈత నేర్పే కోచ్. తమ్ముడి ముసుగు తన మొహానికి సరిపోతుందని చెప్పి, బతిమాలి, ఉద్యోగంలో చేరాడు. దేశం మీద ప్రేమతో చేరానన్నాడు. ఆ మాట విన్నప్పుడు కూడా పెద్దాయన కళ్ళజోడే తుడుచుకున్నాడు.

డిపార్ట్‌మెంట్ పరికరాలన్నీ తయారుచేసే ముసలాయన్ని టైలర్ అంటారు. ఆయనే సూట్ తొడిగాడు. ఒంటి చుట్టూ మోకాళ్ళ దాకా ఉక్కు రేకుల కవచం, దాని మీద నల్లటి పొడుగు అంగీ, వేలికి వజ్రం పొదిగిన బంగారు ఉంగరం. గాజు కోయడానికి. కవచం జిప్పు వీపు వెనక ఉంటుంది. తాళం కూడా అక్కడే.

"ముందుకు పెట్టొచ్చుగా బాబాయ్, ప్రతిసారీ ఎవరో ఒకరు విప్పాలి నాకు," అని విసుక్కున్నాడు డేగ.

"ముందుకు పెడితే శత్రువు విప్పుతాడ్రా. నీ వీపు ఎప్పుడూ గోడకు ఆనించి ఉంచు, ఎవడూ ఏమీ చెయ్యలేడు," అన్నాడు టైలర్ గర్వంగా.

సభాభవనానికి వెళ్ళే దారిలో, వీధి మలుపు దగ్గర, ఒక పొడుగాటి కారు అతని పక్కన ఆగింది. అద్దం దిగకముందే సువాసన వచ్చింది. లోపల, అందరూ అత్తరు అని పిలిచే ఆవిడ కూర్చుని ఉంది. ఆమెది సెంట్ల వ్యాపారం. సినిమా తారలు, మంత్రుల భార్యలు ఆమె షాపులో క్యూ కడతారు. ముఠాకు మన రహస్యాలు, మనకు ముఠా రహస్యాలు అమ్ముతుంది. ఏ వైపు మనిషో ఆమెకైనా తెలుసో లేదో అని డిపార్ట్‌మెంట్‌లో జోకు.

"నీ డెంటిస్ట్ దొరికాడు," అంది అత్తరు. "వాడి పాత క్లినిక్ కింద స్కాన్ సెంటర్ ఉంది చూడు, అందులో. ఒంటరిగా ఉన్నాడు. ఇప్పుడు వెళ్తే దొరుకుతాడు, ఆలస్యమైతే దేశం దాటేస్తాడు."

"నాకు డ్యూటీ ఉంది మేడమ్."

"సభాభవనం పక్క వీధేగా? వెళ్ళి రావడమే. నీ ఇష్టం." అద్దం పైకి వెళ్ళింది. ఆమె వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళు చేతులు కోట్లలో పెట్టుకుని కూర్చున్నారు. డేగ వాళ్ళను చూశాడు. కానీ చూసినట్టు అతని బుర్రకు ఎక్కలేదు. అక్కడ అప్పటికే సోఫా, సినిమా పత్రిక తప్ప మరి దేనికీ చోటు లేదు.

వెళ్ళి రావడమే. ఎంతసేపు?

స్కాన్ సెంటర్‌లో రిసెప్షనిస్టు లేదు. కారిడార్ చివర ఒక గది తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు మీద ఎర్ర అక్షరాల బోర్డు. లోపల గుండ్రటి నోరున్న పెద్ద తెల్లటి యంత్రం, దాని ముందు బల్ల, బల్ల మీద నైలాన్ పట్టీలతో కట్టేసిన ఒక సన్నపాటి మనిషి. బట్టతల, బంగారు కళ్ళజోడు. ఫోటోలో రెండేళ్ళుగా రోజూ చూస్తున్న మొహం.

డేగ బోర్డు చదవలేదు. వీణ్ణి ఎవరు కట్టేశారు, ఎందుకు కట్టేశారు అని కూడా ఆలోచించలేదు. గదిలో అడుగుపెట్టగానే ఒళ్ళంతా ఎవరో ముందుకు లాగుతున్నట్టయింది. తన కోపమే అనుకున్నాడు. గొంతు వెనక నుంచి పట్టుకుందామని బల్ల తల వైపుకు, యంత్రానికీ బల్లకూ మధ్యకు వెళ్ళాడు. అంతే. రెండు కాళ్ళూ నేల మీద నుంచి లేచాయి. వీపు దబ్బుమని యంత్రానికి అతుక్కుంది. ఊపిరి ఆగినంత పనయింది.

బయట తలుపు మూసుకుంది. గడియ పడింది. సన్నగా అత్తరు వాసన వచ్చింది.

"అరవకు బాబూ, ఈ గదికి మందపాటి గోడలు, చుట్టూ రాగి రేకు," అన్నాడు బల్ల మీద మనిషి అలసటగా. "రేడియో కూడా పలకదు. ఇది ఎం.ఆర్.ఐ. స్కాన్. ఇంత పెద్ద అయస్కాంతం ఊళ్ళో ఇంకోటి లేదు. ఇనుముతో లోపలికి రావద్దని బోర్డు ఉంది కదా, చదువుకున్నవాడివేగా?"

డేగ గింజుకున్నాడు. కవచం అంగుళం కూడా కదల్లేదు. జిప్పు వీపుకూ యంత్రానికీ మధ్య ఇరుక్కుంది. గుండె దగ్గరి రేడియో చిటపటమని మాడిపోయింది. టైలర్ బాబాయ్ చెప్పినట్టే వీపు గోడకు ఆనింది, ఎవడూ ఏమీ చెయ్యలేడు. తనతో సహా.

చేతులు మాత్రం ఆడుతున్నాయి. చేతికందే దూరంలో డెంటిస్ట్ మెడ ఉంది.

అతను ఆలోచించలేదు. రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. సన్నటి మెడ. లోపల నాడి కొట్టుకోవడం బొటనవేళ్ళకు తెలుస్తోంది. రెండేళ్ళ నుంచి ప్రతి రాత్రీ తలగడ మీద ప్రాక్టీసు చేసిన పట్టు అది. నొక్కాడు. డెంటిస్ట్ మొహం ఎర్రబడింది, కళ్ళు పైకి పోయాయి, పట్టీల కింద కాళ్ళు కొట్టుకున్నాయి. డేగకు ఎంత హాయిగా ఉందంటే, తన మీద తనకే భయం వేసింది.

"రాయ... బారి..." అన్నాడు డెంటిస్ట్. "పన్ను..."

పట్టు ఒక్క పిసరు సడలింది. సడలించానని తరవాత గానీ తెలియలేదు.

"ఏంటి?"

డెంటిస్ట్ చాలాసేపు దగ్గాడు. "నిన్న సాయంత్రం ఆవిడకి పన్ను నొప్పి. హోటల్‌కి పిలిపించిన డాక్టర్ని నేనే. మారుపేరు, విగ్గు. పుచ్చు పంటికి సిమెంట్ పెట్టాను. సిమెంట్ కింద చిన్న గొట్టం ఉంది, విషం. ఆ సిమెంట్ ఎంగిలికే మెల్లగా కరుగుతుంది. వేడి తగిలితే వెంటనే. ఇవాళ మధ్యాహ్నం దాకా వేడివేమీ ముట్టొద్దని ఆవిడకి చెప్పాను. సంతకాలయ్యాక అందరూ కాఫీ తాగుతారు కదా? మొదటి గుక్కకి అయిపోతుంది."

గదిలో యంత్రం ఒక్కటే కిచ్... కిచ్... మని పిట్టలా కూస్తోంది.

"అందుకే నన్నిక్కడికి లాగారు," అన్నాడు డేగ.

"నిన్ను కుర్చీ వెనక నుంచి లాగడానికి నేను ఎర. పని అయిపోయింది కాబట్టి నేనూ అయిపోవాలి. ఆ పని కూడా నీ చేతుల మీదుగా జరిగిపోతుందని వాళ్ళ లెక్క. డేగకు నా మీద పగ ఉందని ముఠాలో అందరికీ తెలుసు. నీ ఆఫీసులో తెలియదా?"

సిగ్గుతో డేగ చెవులు మండాయి. ఒక ముఠా మొత్తం తన పగను తాళంచెవిలా వాడుకుంది. ఆవిడ కుర్చీ వెనక ఇప్పుడు ఖాళీ. ఆ ఖాళీలోంచి యుద్ధం వస్తే ఇంకెంతమంది తమ్ముళ్ళు పోతారో!

"ఆ సిమెంట్ తీయాలంటే?"

"నేనే తీయాలి. ఇంకెవరు గీకినా గొట్టం పగులుతుంది. నా పరికరాలు ఇంకా పైన క్లినిక్‌లోనే ఉన్నాయి. పట్టీలు విప్పు. గోడకి ఆ ఎర్ర బటన్ చూశావా? అది నొక్కితే అయస్కాంతం ఆగుతుంది."

డేగ చేతులు మెడ మీదే ఉన్నాయి. మెడ పక్కనే పట్టీ ముడి. అంత దగ్గరగా ఉన్నాయి రెండూ.

తమ్ముడు గుర్తొచ్చాడు. సోఫా మీద కాదు. చిన్నప్పుడు ఈత కొలనులో తన వీపెక్కి, జుట్టు పట్టుకుని నవ్వుతూ. డేగకు ఏడుపొచ్చింది. ముసుగులో ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదు. చేతులు మెడ మీద నుంచి తీసి, ముడి విప్పాడు.

డెంటిస్ట్ లేచి బటన్ నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు. "వైరు కోసేశారు, దొంగ వెధవలు!" అన్నాడు. తలుపు తోశాడు. కదల్లేదు. ఇక ఉన్నది టెక్నీషియన్ గదిలోకి చూసే అద్దపు కిటికీ ఒక్కటే.

"నా ఉంగరంతో కోయి," అన్నాడు డేగ.

ఉంగరం తీసుకుని డెంటిస్ట్ పనిలో పడ్డాడు. పని తెలిసిన చెయ్యి. అద్దం ముక్క ఊడింది, మధ్యలో ఉన్న రాగి వలను మడిచాడు, రెండో అద్దం కూడా ఊడింది. అప్పుడు వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"నేను వెళ్తే ఎవడు రానిస్తాడు లోపలికి? గేటు దగ్గరే కాల్చేస్తారు. ఫోన్ చేస్తే ముఠావాడి మాట ఎవడు నమ్ముతాడు?"

ఆ సంగతి డేగకు అప్పటికే తెలుసు. తెలిసే, ఆ క్షణం రాకూడదని కోరుకుంటున్నాడు.

"డేగను రానిస్తారు," అన్నాడు.

ముసుగు రబ్బరుది. అందులో గొంతు మార్చే పొర కూడా రబ్బరే. ఎవరు మాట్లాడినా అదే గొంతు. డేగ మెడ వెనక కొక్కెం తీశాడు. తమ్ముడి చెమట ఇంకిన ముసుగు, తమ్ముణ్ణి చంపినవాడి చేతుల్లో పెట్టాడు.

డెంటిస్ట్ మొదటిసారి అతని మొహం చూశాడు. చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "అచ్చం అతనిలాగే ఉన్నావు."

"అన్నను."

"నేను నీ తమ్ముడి మీద పగతో చెయ్యలేదు. అది పని."

"ఆ మాటతో నాకు ఇంకా మండుతోంది. నోరు మూసుకుని విను. గేటు దగ్గర 'గూట్లో ఎవరున్నారు?' అని అడుగుతారు. అది కోడ్." దాని జవాబు తమ్ముడు పెట్టింది. అన్న ఆలస్యంగా నిద్రలేస్తాడని వెక్కిరించడానికి పెట్టాడు. డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ అది మార్చే మనసు రాలేదు. "'అన్నయ్య ఇంకా లేవలేదు' అని చెప్పాలి."

డెంటిస్ట్ తలాడించాడు. అంగీ లాగితే వీపు కింద ఇరుక్కున్న సగం చిరిగి అక్కడే ఉండిపోయింది. మిగిలిన సగం భుజాన వేసుకుని, ముసుగు తగిలించుకున్నాడు. సరిపోయింది. అదే అన్నిటికన్నా ఘోరంగా అనిపించింది.

"పారిపోవని నమ్మకం ఏంటి?" అన్నాడు పైనున్న అన్న. ఇప్పుడతను డేగ కాదు, యంత్రానికి వేలాడుతున్న ఈత కోచ్.

"ఇరవై ఏళ్ళు వాళ్ళ కోసం మనుషుల్ని చంపాను. వాళ్ళందరి పళ్ళూ ఉచితంగా చూశాను. చివరికి నన్ను ఎరగా కట్టారు." తమ్ముడి గొంతులాంటి ఆ గొంతుతో ముసుగు నవ్వింది. "నీకు దేశం ఉంది, డ్యూటీ ఉంది. నాకు ఇప్పుడు పగ ఒక్కటే ఉంది. దాన్ని నమ్ము. అది ఎంత దూరం నడిపిస్తుందో నీకు తెలుసుగా?"

కిటికీలోంచి దూకాడు. వెళ్తూ వెళ్తూ టెక్నీషియన్ గదిలోని టీవీ ఆన్ చేసి పోయాడు. దయో, ఎగతాళో తెలియలేదు.

టీవీలో సభాభవనం లైవ్. రాయబారి నవ్వుతూ లోపలికొస్తోంది, నడివయసు మనిషి, కుడి చెంప మీద చెయ్యి వేసుకుంటోంది మధ్యమధ్య. ఆమె కుర్చీ వెనక ఎవరూ లేరు. పెద్దాయన దూరంగా గోడ దగ్గర నిలబడి తలుపు వైపే చూస్తున్నాడు.

అన్న కాళ్ళు నేలకు అందక ఊగుతున్నాయి. భుజాలు తిమ్మిరెక్కాయి. తను చేసిందేమిటో ఇప్పుడు ఒక్కొక్కటే బుర్రకు ఎక్కసాగింది. వాడు ఈపాటికి రైలెక్కి ఉంటాడు. ముసుగు ఉంది, కోడ్ ఉంది, ఎక్కడికైనా పోగలడు. చేతికందినవాణ్ణి వదిలేశాడు, ఆవిణ్ణీ కాపాడలేదు. పగా తీరలేదు, డ్యూటీ జరగలేదు. ఇంత చేతగానివాణ్ణి తమ్ముడు ఏ మొహంతో అన్నయ్యా అని పిలిచాడో! అరిచాడు. గొంతు పోయేదాకా అరిచాడు. కిటికీ అవతల వినేవాళ్ళు లేరు, రాగి గోడలు అతని అరుపు అతనికే తిరిగిచ్చాయి.

సంతకాలయ్యాయి. చప్పట్లు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఆతిథ్య అధికారి స్వయంగా కాఫీ ట్రే పట్టుకుని వచ్చాడు. వంగి, మొదటి కప్పు రాయబారికి అందించాడు. కప్పులోంచి ఆవిరి లేవడం టీవీలో కూడా కనిపిస్తోంది.

ఆమె కప్పు ఎత్తింది.

తలుపు దగ్గర కలకలం. సగం అంగీతో, ఒక రెక్క తెగిన పక్షిలా డేగ పరిగెత్తుకొచ్చాడు. సభ మొత్తం లేచి నిలబడింది. డేగ ఎవరికీ దండం పెట్టలేదు, క్షమించమనలేదు. రాయబారి పెదవికి కప్పు ఆనబోతుంటే చేత్తో కొట్టాడు. రెండో చేత్తో ఆమె దవడ పట్టుకుని, కోట్లమంది చూస్తుండగా, నోట్లో వేళ్ళు పెట్టాడు.

కాపలావాళ్ళు తుపాకులెత్తారు. "కాల్చకండి!" అని పెద్దాయన అరవడం వినిపించింది. అన్నకు ఊపిరి ఆడలేదు. ముసుగులోని మనిషి చేతులు మాత్రం కంగారుపడలేదు. సన్నటి పరికరం ఒకటి మెరిసింది. చిన్న తిప్పు, చిన్న గీకు. బియ్యపుగింజంత గొట్టం ఒకటి పట్టకారు కొసన బయటికొచ్చింది.

డేగ దాన్ని ట్రేలోని ఇంకో కాఫీ కప్పులో వేశాడు. కప్పు తీసుకెళ్ళి ఆతిథ్య అధికారి మొహం ముందు పెట్టాడు.

"తాగు," అన్నాడు.

అధికారి మొహం అతని చేతితొడుగుల కన్నా తెల్లబడింది. కప్పు వంక చూశాడు, డేగ వంక చూశాడు, వెనక్కి తిరిగి పరుగెత్తాడు. నాలుగడుగులు కూడా పోలేదు, కాపలావాళ్ళు పట్టేశారు. అతనే ముఠా నాయకుడని మరి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. చప్పట్లతో టీవీ దద్దరిల్లింది.

అన్న యంత్రానికి వేలాడుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. సంతోషమో, ఉక్రోషమో అతనికే తెలియదు. తమ్ముడి గొంతుతో, తమ్ముడి మొహంతో, ఆ హంతకుడు అచ్చం తమ్ముడు చేసేలాంటి పని చేశాడు.

తలుపు తెరుచుకుంది. అత్తరు, ఆమె వెనక టైలర్, ఒక స్కాన్ టెక్నీషియన్. అత్తరు నగలన్నీ బయటే తీసేసి వచ్చింది.

"ఇందాక కార్లో నా వెనక రెండు తుపాకులున్నాయి, నిన్నిక్కడికి రప్పించకపోతే నన్ను చంపేవాళ్ళు," అంది. "కానీ డెంటిస్ట్‌ని వేరే చోట కట్టేద్దామన్నారు వాళ్ళు. నేనే, ఇద్దర్నీ ఒకే గదిలో పెడదాం, డేగే వాణ్ణి చంపుతాడు అని ఒప్పించాను. మీ ఇద్దరిలో ఒకరికైనా బుద్ధి ఉంటుందని ఆశ."

"ఎవరికి ఉందనుకున్నారు?"

"నిజం చెప్పనా? వాడికి," అంది అత్తరు.

టెక్నీషియన్ వైరు అతికించి అయస్కాంతం ఆపాక, అన్నను సభాభవనానికి తీసుకెళ్ళారు. వెనక చిన్న గదిలో డెంటిస్ట్ బేడీలతో కూర్చుని ఉన్నాడు. పారిపోలేదు. ముసుగు తీయమంటే, దాన్ని దాని మనిషికే ఇస్తానన్నాడట. మెడ మీద పది వేళ్ళ గుర్తులూ నీలంగా కమిలి ఉన్నాయి.

పెద్దాయన లోపలికి చూసి, గొంతు సవరించుకున్నాడు. "నాకు ఈ మధ్య చెవులు సరిగ్గా వినపడట్లేదు. కాసేపు బయట కూర్చుంటాను. ఏ శబ్దమైనా నాకు తెలియదు." తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

ఇద్దరే మిగిలారు. ఈసారి వీపును పట్టుకున్న అయస్కాంతం లేదు. డెంటిస్ట్ అతనికి ముసుగు అందించి, తల కొంచెం పైకెత్తి కూర్చున్నాడు. "నా పగ తీరింది," అన్నాడు. "నీది కానీ. నేను అడ్డం చెప్పను."

అన్న చాలాసేపు ఆ మెడ వంక చూశాడు. పగ పోయిందని అనుకోలేదు. అది ఉంది, అలాగే ఉంది. కానీ ఇందాక దానికి తనను అప్పగించి చూశాడు. అది తనను ఎక్కడ వేలాడదీసిందో కూడా చూశాడు.

"లే," అన్నాడు. "నా తమ్ముణ్ణి చంపినందుకు నిన్ను కోర్టుకు తీసుకెళ్తున్నాను. వాణ్ణి ఎలా చంపావో నేను చెప్తాను. ఇవాళ నువ్వు ఏం చేశావో అదీ నేనే చెప్తాను. రెండూ విని వాళ్ళేం చేస్తే అది."

డెంటిస్ట్ మొహంలో మొట్టమొదటిసారి భయం కనిపించింది. చావుకు సిద్ధమైనవాడు, ఇలా బతకడానికి సిద్ధంగా లేడు.

బయట బెంచీ మీద పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. డెంటిస్ట్ తన కాళ్ళ మీద తను నడిచి రావడం చూసి, కళ్ళజోడు పెట్టుకుని, ఇద్దర్నీ తేరిపార చూశాడు. కళ్ళు కొంచెం చెమర్చాయి గానీ గొంతు మాత్రం ఆఫీసు గొంతే.

"నాతో అబద్ధం చెప్పావు. పోస్టు వదిలేసి పోయావు. దానికి నీకు మెమో ఇవ్వాలి."

"ఇవ్వండి సార్."

"ఎలా ఇవ్వనయ్యా? నువ్వు పోస్టులోనే ఉన్నావని దేశమంతా టీవీలో చూసి చచ్చింది!"